ఒక్క దిక్కు నుంచే

పాలమూరు పల్లెల్లో పట్టాళంలో పనిచేసి వచ్చిన మనిషికి సొంత పేరు మిగలదు. ఆయన మిల్ట్రీ ఆయన. ఆయన ఇల్లు మిల్ట్రాయన ఇల్లు, పిల్లలు మిల్ట్రాయన పిల్లలు. మేస్త్రీ వెంట గుంపులు గుంపులుగా మట్టిపనికి వలసపోయిన ప్రాంతం మాది. నల్ల ట్రంకుపెట్టె భుజానేసుకుని ఒంటరిగా రైలెక్కిపోయి, ఏడాదికోసారి సెలవు మీద వచ్చి, మళ్లీ ఒంటరిగా పోయేవాడు ఊరికి వింతగానే కనిపిస్తాడు. ఆ వింతకు తగ్గ కథలు కూడా ఆయన దగ్గర ఉండి తీరాలని ఊరు అనుకుంటుంది.

మా నాయిన దగ్గర ఆ కథలు లేవు. 1965లో పంజాబు సరిహద్దున ఉన్నాడు, 1971లోనూ పడమటి వైపే ఉన్నాడు. పెన్షన్ మీద ఇంటికొచ్చాక అరుగు మీద కూచున్నవాళ్లు ఎన్నిసార్లు అడిగినా "మా పని మేం చేసినం" అనేవాడు, అంతే. చెప్పడం ఇష్టం లేక దాస్తున్నాడనీ, ఏదో చూడకూడనిది చూశాడనీ ఎవరికి తోచింది వాళ్లు అల్లుకున్నారు. ఆయన పోయాక, దినాల నాడు నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన ఆయన పాత జోడీదారు చెబితే తెలిసింది, అసలు సంగతి అంతకన్నా సాదా అని. యుద్ధంలో నాయిన కళ్లముందు ఉన్నది శత్రువు కాదు. ఒక గాజుగొట్టం, అందులో ఒక బుడగ.

కాబట్టి ఇది వీరగాథ కాదు. ఒక మనిషి చేతిపని గురించి, ఆ పని ఎక్కడ నేర్చాడో, ఎంత దూరం మోసుకొచ్చాడో దాని గురించి.

నాయిన 1963లో గోల్కొండలో చేరాడు. చైనా యుద్ధం తర్వాత సైన్యాన్ని పెంచుతున్న రోజులవి. అక్కడి ఆర్టిలరీ సెంటర్ అంతకు ముందు ఏడాదే మొదలైంది. ఆయనకు అప్పగించిన ఫిరంగి 25 పౌండర్. గుండు బరువును బట్టి వచ్చిన పేరది. 25 పౌండ్లంటే 11 కిలోల పైచిలుకు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ఫిరంగి దళాలను మోసింది అదే. మన సైన్యంలో ఆ తర్వాత కూడా చాలాకాలం నడిచింది. 12 కిలోమీటర్ల దూరం దాకా వేస్తుంది. దాని చుట్టూ ఆరుగురు. పేర్లు పక్కకు పోయి అందరికీ నంబర్లే. ఒకటో నంబరు పెద్ద. రెండో నంబరు వెనక తలుపు తీసి మూస్తాడు. నాలుగో నంబరు గుండు ఎక్కిస్తాడు. ఐదు, ఆరు మందుగుండు చూసుకుంటారు. మూడో నంబరు ఎడమ పక్కన కూచుని గురి పెడతాడు. లేయర్ అంటారు. నాయిన మూడో నంబరు.

ఇక్కడ బయటివాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. ఫిరంగికి గురి పెట్టేవాడికి గుండు పడే చోటు కనిపించదు. కొండకు ఇవతల, చెట్ల చాటున, గుంతలో ఉంటుంది ఫిరంగి. ఎక్కడో ముందు కూచున్న అధికారి దుర్బీనుతో చూసి, వైర్‌లెస్‌లో మాట పంపుతాడు. ఆ మాట లెక్కలుగా మారి, ఇన్ని డిగ్రీలు, ఇన్ని నిమిషాలు అని మూడో నంబరు చెవిన పడుతుంది. అతను ఆ అంకెలు స్కేలు మీద పెట్టాలి. గొట్టాన్ని పక్కకు జరిపే చక్రం ఒకటి, పైకీ కిందికీ లేపే చక్రం ఒకటి. గురి అద్దంలోంచి కొంత దూరాన పాతిన గుర్తు కర్రలను చూడాలి. రసమట్టంలో బుడగ రెండు గీతల నడుమకు వచ్చి నిలవాలి. అప్పుడు "రెడీ" అనాలి. మాట రాగానే మీట లాగాలి. ఫిరంగి ఎగిరి కూచుంటుంది, బుడగ చెదిరిపోతుంది, మళ్లీ మొదట్నుంచి. ఒక డిగ్రీలో అరవయ్యో వంతు తేడా వస్తే 10 కిలోమీటర్ల అవతల గుండు దాదాపు 3 మీటర్లు పక్కకు పోతుంది. డిగ్రీ తప్పితే 170 మీటర్లు దాటుతుంది. అక్కడ ఉన్నది మనవాళ్లే కావచ్చు కూడా.

కథలు ఎక్కడినుంచి వస్తాయి మరి?

నాగర్‌కర్నూల్ ఆయన అదే ఫిరంగికి కొన్నాళ్లు నాలుగో నంబరు. ఆ రోజు ఆయన చెప్పిన మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. "గీత దాటిపోతదమ్మా చెయ్యి. అందరికీ దాటుతది. దాటినంక మేమైతే ఇంత ఎన్కకు తిప్పి, అగో గీత మీదికొచ్చింది అనుకునేటోళ్లం. మీ నాయిన అట్ల చెయ్యకపోవు బిడ్డా. ఎంతో దూరం ఎన్కకు పోయి, మళ్ల మొదటి దిక్కు నుంచే వచ్చేటోడు. అయినా మాకన్న ముందే రెడీ అనేటోడు."

మామూలు చెవికి ఇది చాదస్తంలా వినిపిస్తుంది. కానీ పని అక్కడే ఉంది. పళ్ల చక్రం పళ్ల చక్రంలో ఎంత బిగువుగా కూచున్నా నడుమ వెంట్రుకంత వదులు ఉంటుంది. కుడికి తిప్పుతూ వచ్చి, గీత దాటి, అక్కడికక్కడే ఎడమకు తిప్పితే ఆ మొదటి కాస్త తిప్పు ఆ వదులును నింపడానికే ఖర్చవుతుంది. స్కేలు కదిలినట్టు చూపిస్తుంది, గొట్టం మాత్రం కదలదు. కంటికి లెక్క సరిపోయింది, గుండుకు సరిపోలేదు. అందుకే చివరి తిప్పు ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి రావాలి. అప్పుడు వదులు ప్రతిసారీ ఒకే పక్కన ఉంటుంది, గుండు గుండుకీ తేడా రాదు. ఇది ఫిరంగి శిక్షణలో అందరికీ నేర్పే పాఠమే, మా నాయిన కనిపెట్టిందేమీ కాదు. అందరికీ నేర్పిన పాఠాన్ని ఎవరూ చూడనప్పుడు, వాన కురుస్తున్నప్పుడు, నిద్ర లేనప్పుడు కూడా కుదించకుండా చేయడం మాత్రం అందరికీ సాధ్యం కాదు. ఉస్తాద్ పక్కనుంటే ఎవరైనా చేస్తారు.

ఇంట్లో మేం చూసిన నాయిన ఎవరో అప్పుడు నాకు అర్థమైంది. రేడియో ముల్లు తిప్పేటప్పుడు హైదరాబాదు స్టేషను దాటిపోతే, వెనక్కి దాకా తీసుకుపోయి మళ్లీ ఎడమ నుంచే వచ్చేవాడు. మేం నవ్వుకునేవాళ్లం. ఆ పాత రేడియోల్లో ముల్లు దారం మీద నడుస్తుంది, దారానికీ వదులు ఉంటుంది. గోడ గడియారం ముల్లు దాటిపోతే పన్నెండు గంటలూ చుట్టి తెచ్చేవాడు తప్ప వెనక్కి తిప్పేవాడు కాదు. కుట్టుమిషను బోల్టు, స్టవ్వు పిన్ను, కిటికీ గడియ, ఏదైనా సరే. "ఒక్క దిక్కు నుంచే రావాలె" అనేవాడు. ఆ మాట మా ఇంట్లో సామెత లాగా తిరిగింది, అర్థం మాత్రం ఎవరమూ అడగలేదు.

ఈ చెయ్యి గోల్కొండలోనే తయారైందని ఆయన నమ్మకం. తనకు నేర్పిన ఉస్తాద్‌కు ఎప్పుడూ చేతులెత్తి మొక్కేవాడు. నేను మాత్రం ఒప్పుకోను. ఆ చెయ్యి రాజోలిలో తయారైంది.

తుంగభద్ర ఒడ్డున రాజోలి, గద్వాల చీరలు నేసే ఊళ్లలో ఒకటి. గద్వాల పేరు మీద దేశమంతా అమ్ముడయ్యే చీరల్లో చాలా వాటికి పుట్టిల్లు గద్వాల పట్నం కాదు, ఇలాంటి ఊళ్లే. మా తాత గుంటమగ్గం మీద నేసేవాడు. నాయిన పట్టాళానికి పోయేదాకా తండ్రి పక్కన కూచుని అంచు నాడె అందించిన పిల్లవాడు. గద్వాల చీర పనితనం తెలియనివాళ్లు జరీని చూస్తారు, తెలిసినవాళ్లు అంచు కలిసేచోటు చూస్తారు. చీర నడుమంతా నూలు, అంచులు పట్టు. నూలు సాగదు, పట్టు జారుతుంది. తడిపితే ముడుచుకోవడంలోనూ రెండింటికీ పొత్తు కుదరదు. ఈ రెండూ ఒకే బట్టగా నిలవాలంటే నడిమి పేక పోగూ అంచు పేక పోగూ ప్రతి వరసలోనూ ఒకదాన్నొకటి చుట్టుకుని వెనక్కి తిరగాలి. అంచుకో నాడె, నడుమకో నాడె, మూడు నాడెలు. ఆ పక్క అంచు నాడె అందించడానికి మగ్గం దగ్గర రెండో మనిషి కావాలి. చాలా ఇళ్లలో ఆ రెండో మనిషి ఇంటి పిల్లలు, లేదా భార్య. ఒక్క వరసలో పోగు గట్టిగా లాగితే అక్కడ అంచు ముడత పడుతుంది, వదులుగా వదిలితే సందు కనిపిస్తుంది. గజానికి ఎన్ని వందల వరసలు! ప్రతి వరసలోనూ అదే బిగువు, అదే దిక్కు. కుప్పడం అని పిలిచే ఈ పనిలో పెరిగినవాడికి చక్రాన్ని ఒకే దిక్కు నుంచి తేవడం కొత్త విద్య ఎలా అవుతుంది?

నా పెళ్లి చీర కొనడానికి గద్వాల పోయినప్పుడు నాయిన దుకాణంలో రంగు గురించి ఒక్క మాట మాట్లాడలేదు. మడత విప్పించాడు, అంచు కలిసేచోటును వాకిట్లో వెలుతురుకు ఎత్తి పట్టాడు, తిరగేసి వెనక వైపు చూశాడు. ఆ మీదట బొటనవేలితో ఆ కలయిక వెంబడి మూర పొడవు మెల్లగా రాసుకుంటూ పోయాడు. దుకాణం ఆయన ఊరుకోలేక "మీరు మగ్గపోళ్లా?" అని అడిగాడు. "మిల్ట్రీ" అన్నాడు నాయిన. రెండూ నిజమే.

ఇక ఆయన చేసిన వస్తువుల్లో నా దగ్గర మిగిలింది పతకాల పట్టీ. 1965 నాటి రక్షా మెడల్, 1971 నాటి పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్, స్వాతంత్ర్యం వచ్చి 25 ఏళ్లయిన సందర్భంగా 1972లో కొలువులో ఉన్నవాళ్లందరికీ ఇచ్చినది, తొమ్మిదేళ్ల సేవకొకటి, ఇరవై ఏళ్ల సేవకొకటి. వీటిలో ఏదీ అరుదైనది కాదు. ఆ కాలంలో పనిచేసిన వేలాది మంది సిపాయిల ఇళ్లలో ఉంటాయి. అరుదైనది వాటిని కట్టిన తీరు. కంటోన్మెంటు బజారులో దర్జీకి నాలుగు డబ్బులిస్తే కుట్టి ఇస్తాడు. నాయిన తానే కుట్టుకున్నాడు.

ముందు వైపు చూస్తే కుట్టు కనిపించదు. రిబ్బన్లు ఒకదాని మీదొకటి కాస్త ఎక్కి కూచున్నాయి, పతకాల కింది అంచులన్నీ ఒకే గీత మీద ఉన్నాయి. తారకూ గుండ్రటి బిళ్లలకూ ఎత్తు తేడా ఉంటుంది గనక ఆ గీత ఊరికే రాదు. ఒక్కో రిబ్బను ఒక్కో పొడవున కత్తిరించాలి. అసలు పని చూడాలంటే పట్టీని తిరగేయాలి. వెనక గట్టి గుడ్డ, దాని మీద చీమ నడకంత సన్నటి కుట్లు. రిబ్బను మీద రంగు పట్టె మారినచోట దారం రంగూ మారింది. ఎరుపు పట్టె మీద ఎర్ర దారం, తెలుపు పట్టె మీద తెల్ల దారం, ఆకుపచ్చ మీద ఆకుపచ్చ. వేలెడంత వెడల్పు రిబ్బనులో రెండు మూడు సార్లు సూదికి దారం మార్చాడన్నమాట. ముడి ఎక్కడా పైకి లేదు. రెండు పొరల నడుమకు దించేశాడు. చొక్కా మీద పెట్టుకుంటే ఈ వెనక వైపు గుండెకు ఆనుకుని ఉంటుంది, కవాతులో ఏ అధికారీ దాన్ని తిప్పి చూడడు. చీర వెనక వైపు కూడా ముందు వైపంత శుభ్రంగా ఉండాలని నేర్చిన ఇంటి పిల్లవాడు కాబట్టి అలా చేశాడు, ఇంకే కారణమూ నాకు తోచదు.

ట్రంకుపెట్టె మూత మీద తెల్ల రంగుతో రాసిన నంబరు, హోదా, పేరు కూడా ఆయన రాతే. దోమతెర చిరుగులకు పెట్టిన రఫ్ఫు చూసి మా అమ్మమ్మ ఊరి దర్జీ ఒకాయన దండం పెట్టాడు. వాటి గురించి చెబుతూ పోతే ఈ వ్యాసం సామాన్ల జాబితా అవుతుంది.

పెన్షన్ మీద వచ్చాక వనపర్తిలో ఒక బ్యాంకుకు గార్డుగా చేరాడు. మాజీ సైనికులకు మా వైపు దొరికే ఉద్యోగాల్లో మొదటిది అదే. ఇప్పుడూ అంతే. వనపర్తికి సైనిక వాసన కొత్త కాదు. సంస్థానం రోజుల్లో రాజా రామేశ్వరరావు పోషించిన దళంలో ఆఫ్రికా సంతతి సిద్దీలు ఉండేవాళ్లు. తర్వాత వాళ్లు నిజాం కొలువుకు చేరి ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అయ్యారు. హైదరాబాదులో మాసాబ్‌ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ అని మనం పిలిచే పేట వాళ్ల పేరు మీదే నిలిచింది. ఆ రాజుల ప్యాలెస్‌లో ఇప్పుడు పాలిటెక్నిక్ నడుస్తోంది. నాయినకు ఈ చరిత్ర మీద ఆసక్తి తక్కువ. ప్యాలెస్ ముందునుంచి పోయినప్పుడల్లా ఆ కమానుల వరస ఎంత మట్టంగా ఉందో చూసి మేస్త్రీలను మెచ్చుకునేవాడు.

ఆయన పని నేను కళ్లారా చూసింది రాజోలిలో, 2009 వరద తర్వాత. ఆ అక్టోబరు తొలి రోజుల్లో తుంగభద్ర పొంగి ఊరిని ముంచింది. గుంటమగ్గం పేరులోనే ఉంది గుంట. నేత మనిషి కాళ్లు పెట్టుకునే గుంటలన్నీ బురదతో నిండాయి. పడుగులు కుళ్లాయి, పట్టు పాడైంది. మా పెదనాయిన కొడుకులు బురద తోడి, మగ్గం మళ్లీ నిలబెట్టి నేత మొదలుపెడితే బట్ట ఒక పక్కకు లాగుతోంది. అంచు అలలు అలలుగా వస్తోంది. నూలు మంచిది కాదన్నారు, పడుగు చేసినవాడిని తిట్టారు. నాయిన సంచీలోంచి రసమట్టం తీశాడు. నానిన నేల ఒక పక్క దిగిపోయి, బట్ట చుట్టుకునే దోనె ఒక కొస కిందికి ఉంది. రెండు దోనెలూ ఒకదానికొకటి సమానంగా లేకపోతే ఒక పక్క పడుగు బిగుసుకుంటుంది, రెండో పక్క సడలుతుంది. గూటం కింద సన్నటి చెక్క పేళ్లు ఒక్కొక్కటే పెడుతూ వచ్చాడు. బుడగ నడుమకు వచ్చి, కాస్త దాటింది. దాటిన పేడు ఒక్కటి తీసేసి ఊరుకోలేదు. అన్నీ తీసేసి మళ్లీ మొదటినుంచి పెట్టుకుంటూ వచ్చాడు. నేను పక్కనే కూచుని చూశాను. మూడో నంబరు పని చేస్తున్నాడని అప్పుడు నాకు తెలియదు.

ఇంత నేర్పుకు ఇంట్లోవాళ్లు కట్టిన వెల కూడా చెప్పాలి, లేకపోతే ఇది పొగడ్త పత్రమవుతుంది. ఆయనకు ఇంకొకరి పని ఆనేది కాదు. వనపర్తిలో ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ గోడ మట్టం ఆయన మట్టానికి సరిపోక, పనిలో సగంలోనే తాపీ కింద పడేసి పోయాడు. కొత్త మేస్త్రీ దొరికేదాకా మేం కప్పు లేని గదిలో వండుకున్నాం. అమ్మ చపాతీ గుండ్రంగా లేదని అనలేదు గానీ, చూసే చూపు చాలేది. బాగుందన్న మాట ఆయన నోట రాదు. తప్పు లేకపోతే ఏమీ అనడు, అదే మెచ్చుకోలు అని మేమే అర్థం చేసుకోవాలి. దానికి తోడు కుడి చెవి దాదాపు వినపడదు. ఫిరంగికి ఎడమ పక్క కూచునేవాడికి గొట్టం కుడి చెవి వైపే ఉంటుంది మరి. కుడి పక్కన నిలబడి ఏం చెప్పుకున్నా ఆయనకు చేరేది కాదు. మా ఫిర్యాదులన్నీ ఆ పక్క నుంచే చెప్పుకునేవాళ్లం.

ఫిరంగి దళానికి వేరే జెండా ఉండదు, ఫిరంగే జెండా అంటారు. కవాతులో దానికే వందనం. నాయిన పనిచేసిన 25 పౌండర్లు ఎప్పుడో సేవ నుంచి తప్పుకున్నాయి. కొన్ని కంటోన్మెంట్ల గేట్ల దగ్గర రంగు వేసుకుని నిలబడి ఉంటాయి. ఎక్కడైనా కనబడితే ఎడమ పక్కకు వెళ్లి చూడండి. రెండు చేతి చక్రాలుంటాయి, గురి అద్దం పెట్టుకునే చోటుంటుంది. అదే మూడో నంబరు కూచునే జాగా.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో ఇంకా చాలా ఇళ్ల అటకల మీద నల్ల పెట్టెలున్నాయి. ఆ పెద్దవాళ్లు పోయాక పతకాలు వెండివనుకుని కంసాలి దగ్గరికి పట్టుకుపోతున్నారు. చాలా వరకు రాగీ నికెలూ కలిసిన లోహం, పైసా రాదు. చింతపండు వేసి తోమకండి, రిబ్బన్లు ఉతకకండి. గుండ్రటి పతకాన్ని తిప్పి అంచు మీద చూస్తే సన్నటి అక్షరాల్లో సిపాయి నంబరు, హోదా, పేరు, దళం కొట్టి ఉంటాయి. వాటిని ఒక కాగితం మీద రాసి డిశ్చార్జి పుస్తకంలో పెట్టండి. ఆయనతో పనిచేసినవాళ్లు ఎవరైనా బతికుంటే నవంబరులో, లైఫ్ సర్టిఫికేటు ఇవ్వడానికి వాళ్లు బ్యాంకుకు వచ్చినప్పుడు పట్టుకోండి. ఏ యుద్ధం చూశారని కాకుండా, మా నాయిన అక్కడ ఏం పని చేసేవాడని అడగండి.